ఊదండి

తెల్లవారుజాము నాలుగుంబావుకి
ట్రామ్ డిపో అంతటికీ నా గదిలోనే దీపం.
బయట మైనస్ పద్నాలుగు.
దౌగవ నది మీద మంచుపలక
నిద్రలో పళ్ళు కొరికే పిల్లాడిలా చప్పుడు చేస్తోంది.

డ్రైవర్లు ఒకరి వెనక ఒకరు వస్తారు,
ఉన్నిటోపీలు చంకన పెట్టుకుని.
ప్రతి ఒక్కరికీ కొత్త గొట్టం బిగించి
"ఊదండి" అంటాను.
"ఇంకా... ఇంకాస్త... చాలు."
ఇరవై రెండేళ్ళుగా రీగాలో
నా రోజు మొదటి మాట అదే.
మా అక్క ఎగతాళి చేస్తుంది,
పిల్లనగ్రోవి నేర్పే పంతులమ్మవా అని.

సున్నా. సున్నా. సున్నా.
సంతకం. తర్వాతివాళ్ళు.

చలికి తాగుతాం అంటారు ఈ ఊళ్ళో.
పొద్దు పదిన్నరకి గానీ వాలని జూన్‌లోనూ తాగుతారు,
వెలుగు ఎక్కువై నిద్ర రాదని.
కారణానికి కరువొచ్చిన ఏడాది నేనెరగను.

ఆ మంగళవారం టాలివాల్డిస్ ఊదితే
పాయింట్ నాలుగు.
ఏడో నంబరు బండి, పదకొండేళ్ళ సర్వీసు,
ముసలమ్మలు కూర్చునేదాకా బండి కదపని మనిషి.
"ఏం జరిగింది?" అన్నాను.
"ఏమీ జరగలేదు. నవంబరు నుంచీ ఏమీ జరగట్లేదు," అన్నాడు.
"మొదటి గ్లాసుకి లోపల ఎవరో దీపం పెడతారు, మీర్జా.
మూడో గ్లాసుకి దీపం పట్టుకుపోతారు.
పొద్దున లేచి చూస్తే
దీపం పెట్టిన గూడు కూడా ఉండదు."
చేతితొడుగులు బల్లమీద పెట్టి
వాటినే చూస్తూ అడిగాడు:
"తాగింది ఎంతో చెప్తుంది, సరే.
దిగులు ఎంతో చెప్పే అంకె లేదా ఇందులో?"

రూలు ప్రకారం కాగితం నింపాను.
రూలు ప్రకారం ఇంటికి పంపాను.
ఏడో నంబరు బండి ఆ పూట షెడ్డులోనే ఉండిపోయింది,
అద్దాల మీద మంచు గీకేవాళ్ళు లేక.
తొడుగులు మర్చిపోయి వెళ్ళాడు.
నాలుగు వారాలుగా నా సొరుగులోనే ఉన్నాయి,
ఎవరి చెయ్యో పట్టుకున్నట్టు వంగి.

ఇక నా సంగతి.
రాత్రి ఎనిమిదికి నల్ల బాల్సమ్,
గ్లాసులో పోస్తే తాగినట్టని టీ కప్పులో.
మొదటి గుక్కకి మెడ నరాలు వదులవుతాయి.
మంచు పట్టిన కిటికీ మీద వేలు ఆనిస్తే
రూపాయి బిళ్ళంత మేర కరిగి
అవతలి వీధి కనబడుతుందే, అలా.
లియెపాయలో ఉన్న అక్కకి ఫోన్ చేసి
పనికిమాలిన మాటలకి పగలబడి నవ్వుతాను.
రెండో కప్పుకి అక్కంత మంచిది లేదు.
మూడో కప్పుకి అదే అక్క
తొంభై ఆరులో అన్న మాట గుర్తొస్తుంది.

ఆ నవ్వంతా చేబదులే.
ఇచ్చింది మర్నాడు.
రాత్రి మూడింటికల్లా వచ్చి తలుపు తడుతుంది వసూలుకి.
గుండె దడదడ, నాలుక పిడచగట్టి,
మొహం లేని భయమొకటి మంచం అంచున కూర్చుని
పుట్టినప్పటి నుంచీ నేను చేసిన తప్పులు
వేళ్ళు మడిచి లెక్కపెడుతుంది.
దాని నోరు మూయించేది మళ్ళీ ఎనిమిదింటి కప్పే.
అసలు తీరదు, వడ్డీకి వడ్డీ.

నాలుగుంబావుకి తెల్లకోటు వేసుకుని
తేలు కుట్టిన దొంగలా కూర్చుంటాను.
నన్ను ఊదమనేవాళ్ళు లేరు.
నర్సు నడిపే బండికి పట్టాలు లేవుగా.

ఇవాళ ఆఖరివాడు వెళ్ళాక
ఒక కొత్త గొట్టం మిగిలింది.
బిగించాను. ఊదాను.
ఇంకా... ఇంకాస్త...
"చాలు" అనడానికి గదిలో ఎవరూ లేక
ఊపిరి అయిపోయేదాకా ఊదాను.

అంకె వచ్చింది.
కాసేపు వెలిగి ఆరిపోయింది.
యార్డులో మొదటి ట్రామ్ గంట కొట్టింది.

రిజిస్టరులో టాలివాల్డిస్ నంబరు వెతికాను.
ఐదు కూడా కాలేదు, మనుషులకి ఫోన్ చేసే వేళ కాదు.
చేశాను.
మొదటి రింగుకే ఎత్తాడు.

"నిద్ర పట్టలేదా?"
ఇద్దరం ఒక్కసారే అడిగాం.